ఉమ్ అల్ క్వైన్ గోడకు ఇటలీ కొమ్మలు

మొన్న చలికాలంలో ఒక సెలవునాడు మా అమ్మాయి తన కారులో మమ్మల్నిద్దరినీ షార్జా అవతలి ఉమ్ అల్ క్వైన్ సముద్రం ఒడ్డుకు తీసుకువెళ్తూ, దారిలో వేగం తగ్గించి, "అమ్మా, అదిగో నీ గోడ" అంది. నేను తల తిప్పాను. పెద్ద రోడ్డు వదిలి పాత ఊరివైపు తిరిగే మలుపులో, ఖర్జూరపు చెట్ల వెనకాల, ఇసుకరంగు పూసిన పొడుగాటి ప్రహరీగోడ, దాని నెత్తిమీద ఈ చివరనుంచి ఆ చివరదాకా రెండుగా చీలిన దిమ్మలు, నేను గీసినవి గీసినట్టే నిలబడి ఉన్నాయి. వెనక సీట్లోంచి మా ఆయన "బాగానే నిలబడిందే" అన్నారు. అందులో మెచ్చుకోలు ఉందో, ఈపాటికి కూలిపోయి ఉంటుందనుకున్నానన్న ఆశ్చర్యం ఉందో నేను అడగలేదు గాని, మనసులో రాసిపెట్టుకున్నాను. మాటలు గుర్తుండిపోవడం నాకు చిన్నప్పటినుంచి ఉన్న జబ్బు. ఎవరు నన్ను ఎప్పుడు ఏమన్నారో, ఏ పెళ్ళిలో ఎవరు నా చేతికి తాంబూలం ఇవ్వకుండా దాటిపోయారో, అన్నీ తేదీలతో సహా గుర్తు. కాని ఆ గోడ గురించి గుర్తున్నది కోపం కంటే ఎక్కువగా భయం. ఉద్యోగం మీద వీసా, వీసా మీద ఇల్లు, ఇంటిమీద పిల్లల చదువు పేర్చుకుని ఈ దేశంలో బతికిన నా ఈడువాళ్ళకు అది ఎలాంటి భయమో వేరే చెప్పనక్కరలేదు.

అది 2020 చివర. లాక్‌డౌను ఎత్తేశారన్న మాటేగాని మనుషుల్లోంచి అది ఇంకా పోలేదు. మా ఆయన పనిచేసే కంపెనీ ఆ వేసవిలోనే మూతబడింది. అంతవరకూ నేనూ మా అమ్మాయీ ఆయన వీసామీద ఉండేవాళ్ళం. అప్పుడు వాళ్ళిద్దరినీ నా వీసామీదకు మార్చుకున్నాం. అమ్మాయి స్కూలు ఆఖరి సంవత్సరం. ఆయనకు గుండెలో స్టెంటు వేసి ఎంతోకాలం కాలేదు, మందులన్నీ నా ఆఫీసు ఇన్సూరెన్సు మీదే. అంటే నా కుర్చీ కదిలితే ముగ్గురం కదలాలి. అది చాలదన్నట్టు మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, అన్నయ్యగారికి సగం జీతమే వస్తోందని వాళ్ళ ఫ్లాటు ఖాళీచేసి షార్జా రోలాలో మా ఫ్లాటుకే వచ్చేశారు. నేను పెళ్ళయి కొత్తగా షార్జా వచ్చినప్పుడు ఇదే వదిన ఇంట్లో హాల్లో పరుపు వేసుకుని కొన్నాళ్ళు ఉన్నాం. అప్పుడావిడ, "ఫ్రిజ్ తీసేముందు ఓ మాట అడుగమ్మా, కరెంటు బిల్లు మీ అన్నయ్యగారు కట్టాలి కదా" అంది. ఇప్పుడు ఆవిడ మా ఫ్రిజ్ రోజుకు ఎన్నిసార్లు తెరిచినా నేను ఒక్క మాట అనలేదు. అనలేదన్న సంగతి ఆవిడ గమనించాలని మాత్రం ప్రతిసారీ అక్కడే నిలబడేదాన్ని.

నేను పనిచేసేది అల్ ఖూజ్‌లో ఒక వర్క్‌షాపు. థర్మోకోల్ దిమ్మలను వేడి తీగతో కోసి, పైన జాలీ చుట్టి సిమెంటు పూత వేసి, విల్లాలకు స్తంభాలు, కమానులు, హోటళ్ళకు గుహలు, జలపాతాలు చేసి పంపేవాళ్ళం. నా పని కంప్యూటర్ మీద డ్రాయింగులు గీయడం. నా పక్కన ఒక ఇంజనీరు ఉండేవాడు. మన తెలుగువాడే, కరీంనగర్ వైపు. అయినా నాతో ఇంగ్లీషులో తప్ప మాట్లాడేవాడు కాదు. మొదటిరోజు నేను "భోంచేశావా బాబూ" అంటే "యెస్ మేడమ్, థ్యాంక్యూ" అని తల అటు తిప్పుకున్నాడు. అదీ గుర్తుంది. ప్రతి డ్రాయింగు కింద మూలన రెండు గళ్ళుంటాయి: గీసినవారు, సరిచూసినవారు అని. మొదటి గడిలో నా పొడి అక్షరాలు ఎప్పుడూ ఉండేవి. రెండో గడి అతనిది. పని బాగున్నప్పుడు అతని అక్షరాలు అందులో పడేవి. అనుమానంగా ఉన్నప్పుడు ఆ గడి ఖాళీగా వెళ్ళేది.

ఆ రోజుల్లో మాకు ఆర్డర్లు లేవు. ఉన్న ఒకే ఒక్క పెద్ద పని ఉమ్ అల్ క్వైన్‌లో ఒక అర్బాబ్‌ది. వర్క్‌షాపులో అందరూ ఆయన్ని అలాగే పిలిచేవారు, అర్బాబ్ అంటే యజమాని. ఆయనకు అరవై దాటి ఉంటాయి. చనిపోయిన వాళ్ళ నాన్నగారు ఏదో ఇటలీ కోటముందు నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి వాళ్ళ మజ్లిస్‌లో, అంటే మగవాళ్ళు కూర్చునే ముందరి హాల్లో, వేలాడుతుందిట. ముసలి తల్లి ఉండే ఇంటిచుట్టూ ఆ కోటగోడనే కట్టించి, ఆవిడ కిటికీలోంచి చూసేసరికి భర్త నిలబడ్డ చోటు కనబడేలా చెయ్యాలని ఆయన కోరిక. ఏం కట్టిస్తున్నాడో తల్లికి చెప్పకుండా, ఆశ్చర్యపరచాలని. అది ఏ కోటో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫోనులో ఫొటోకు ఫొటో తీసి పంపారు. నలుపు తెలుపు, నాన్నగారి ఛాతీనుంచి పైకి, వెనక గోడ, గోడమీద చీలిన దిమ్మలు, ఒక బురుజు.

నేను మొదటే చెప్పాను, ఈ దిమ్మలు మామూలువి కావు, నడిమధ్య చీలి ఉన్నాయి అని. ఇంజనీరు, "ఎనీ కాజిల్ ఈజ్ సేమ్, మేడమ్" అని కంప్యూటర్లో సిద్ధంగా ఉన్న చదరపు దిమ్మల గోడ ఒకటి నాచేత గీయించి పంపించాడు. అర్బాబ్ అది చూసి ఫోనులో అరిచిన అరుపు గాజు తలుపు ఇవతల ఉన్న నాకు వినబడింది. మా ముదీర్, అంటే మేనేజరు, ఆ కాగితం తెచ్చి నా బల్లమీద పడేసి, గీసినవారి గడిమీద వేలుపెట్టి, "ఇది నువ్వేగా?" అన్నాడు. పక్కన సరిచూసినవారి గడి ఖాళీగా ఉంది. ఇంజనీరు కీబోర్డు వంక చూస్తున్నాడు. ముదీర్ మా ఇద్దరికీ కలిపి చెప్పాడు, ఈ పని చెయ్యిజారితే డ్రాయింగు సెక్షనులో ఇద్దరు అక్కర్లేదని. అది ఏ కోటో పేరుతో సహా కనిపెట్టి డ్రాయింగుమీద రాయాలి, ఎందుకంటే విమానాలు మొదలవగానే అర్బాబ్ తల్లిని అక్కడికి తీసుకువెళ్ళి భర్త నిలబడ్డచోటే నిలబెడతాడట. "యల్లా, కానివ్వండి" అని చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

మా ఆఫీసులో మనుషుల్ని తీసేసేది గురువారం మధ్యాహ్నం. అప్పుడు వారం ఆదివారం మొదలయ్యేది, శుక్ర శనివారాలు సెలవు. గురువారం భోజనాలయ్యాక ఎవరి బల్లమీద లోపలి ఫోను మోగితే వాళ్ళు లేచి ముదీర్ గదిలోకి వెళ్ళేవాళ్ళు, తిరిగి వచ్చి ఒక ఖాళీ డబ్బా అడిగేవాళ్ళు. ఆ మధ్యాహ్నాల్లో ఎవరం నీళ్ళు తాగడానికి కూడా లేచేవాళ్ళం కాదు. నేను కంపెనీ బస్సులో ఇంటికొచ్చేదాకా ఒకటే ఆలోచన: ఒకవేళ నాకు మోగితే మా ఆయనకు ఏమని చెప్పాలి? వాక్యాలు కూర్చుకునేదాన్ని. గుండె జబ్బు మనిషికి ఏ మాట ముందు చెప్పాలి, ఏ మాట అసలు చెప్పకూడదు అని రకరకాలుగా మార్చి మార్చి అనుకునేదాన్ని. రోలా స్టాపులో దిగి, మెట్లెక్కి, తలుపు తీసేముందు మొహం సరిచేసుకునేదాన్ని.

ఇక మొదలైంది మా ఇంట్లో కోటల చదువు. సాయంత్రం అన్నాలయ్యాక మంచమంత బల్లమీద లాప్‌టాప్ పెట్టుకుని నేను కూర్చుంటే, ఒక పక్క మా ఆయన, ఒక పక్క అమ్మాయి, వెనక కుర్చీలో వదిన. గోడమీద వరుసగా పళ్ళలా నిలబెట్టే ఆ దిమ్మలను మన పాత తెలుగులో కోట కొమ్మలంటారు. సైనికుడు వాటి చాటున దాక్కుని, మధ్య సందులోంచి బాణం వేస్తాడు. ఇటలీలో కొన్ని కోటలకు ఆ కొమ్మలు స్వాలో అనే పిట్ట తోకలా రెండుగా చీలి ఉంటాయి. మధ్యయుగాల్లో అక్కడ చక్రవర్తి పక్షమనీ పోపు పక్షమనీ రెండు కక్షలుండేవట, చీలిన కొమ్మలు చక్రవర్తివాళ్ళవి, చదరపువి పోపువాళ్ళవి అని చెబుతారు. ఇది చదివి వినిపిస్తే వదిన, "అంటే మన తెలుగు సంఘంవాళ్ళు ఉగాది రెండు హాళ్ళలో చేసినట్టన్నమాట" అంది. నవ్వొచ్చింది గాని నవ్వలేదు. ఆ ఉగాదికి నన్ను రెండు హాళ్ళవాళ్ళూ పిలవలేదు.

అయితే ఆ లెక్క నమ్ముకోవడానికి లేదని తొందరలోనే తెలిసింది. కక్షలు మారినా కొమ్మలు మార్చనివాళ్ళున్నారు. ఊరికే అందంకోసం పెట్టుకున్నవాళ్ళున్నారు. శిథిలమైపోయిన కోటలకు ఎన్నో వందల ఏళ్ళ తర్వాత మరమ్మతు చేస్తూ, పాతకాలపు కోటంటే ఇలాగే ఉండాలని కొత్తగా చీలిన కొమ్మలు అతికించినవాళ్ళూ ఉన్నారు. కాబట్టి కొమ్మను చూసి కోట పేరు చెప్పకూడదు. చీలిక లోపలి అంచు గుండ్రంగా ఉందా, కత్తితో కోసినట్టు తిన్నగా ఉందా. కొమ్మ నడుమ బాణం వేసే సన్నని కంత ఉందా, ఉంటే ప్రతిదానికీ ఉందా, ఒకటి విడిచి ఒకటా. గోడ ఇటుకా రాయా, ఫొటోలో రంగు లేదు కాబట్టి వరుసల మందం చూసి పోల్చుకోవాలి. కొమ్మల కింద గోడ ముందుకు పొడుచుకొచ్చి బ్రాకెట్లమీద నిలబడిందా. కింద నీళ్ళా, కొండా. ఇవన్నీ నాకు నేనే నేర్చుకున్నాను, నేర్పినవాళ్ళు లేరు, నేర్చుకున్నావా అని అడిగినవాళ్ళూ లేరు.

ఫొటోలో గోడ తిన్నగా నీళ్ళలోంచి లేచింది. అలాంటిది సిర్మియోనే అనే ఊళ్ళో ఉంది, గార్దా సరస్సులోకి చొచ్చుకుపోయిన కోట. సరిపోయిందని సంబరపడేసరికి, ఫొటోలో బురుజు ఒక రాతిగుట్టమీద ఉంది. సిర్మియోనేలో గుట్ట లేదు. గుట్టమీద బురుజున్నది అదే సరస్సు ఒడ్డున మల్చేసినేలో. కాని అక్కడ గోడ నీళ్ళలో అలా ఆనదు. పోనీ అది అనుకుందామంటే ఎడమ పక్క కొమ్మలున్న వంతెన ఒకటి కనిపిస్తోంది. అలాంటి వంతెన వెరోనాలో, నదిమీద. సోవావే కోట చూస్తే దాని గోడలు కొండ దిగి ద్రాక్షతోటల్లోకి పోతాయి. ఫేనిస్ చూస్తే మంచుకొండలేగాని నీళ్ళే లేవు. ఒక కోట ముక్కు, ఇంకో కోట కళ్ళు, మరొకదాని చెవులు. ఆఫీసులో ఇంజనీరు సిర్మియోనే అని తేల్చేశాడు. గుట్ట సంగతి ఏమిటంటే, "మేబీ బిహైండ్" అన్నాడు. నేను మాత్రం ఒప్పుకోలేదు, ఎందుకంటే పేరు తప్పయితే ఆ తప్పు ఏ గడిలో తేలుతుందో నాకు తెలుసు.

అసలు ఫొటో చూడనిదే పేరు రాయనని నేను మొండికేశాను. ముదీర్ విసుక్కుంటూనే అడిగించాడు. అర్బాబ్ డ్రైవరు తువ్వాలులో చుట్టి ఫ్రేముతో సహా తెచ్చిచ్చాడు. దాన్ని నిలువునా స్కాన్ చేసి ఆ సాయంత్రం ఇంట్లో తెరిచాను. ఇప్పుడు నాన్నగారు పాదాలదాకా కనబడుతున్నారు: కందూరా అనే పాదాలదాకా ఉండే తెల్ల చొక్కా, పైన కోటు, నడుముకు బాకు, ఒక చెయ్యి పొట్టి రాతిస్తంభంమీద. మేమంతా గోడకేసి చూస్తుంటే వదిన మాత్రం ఆయన చెప్పులకేసి చూస్తోంది.

"ఏమే మరదలా, ఆకాశానికి మడతలు పడతాయా?"

"మబ్బు వదినా."

"మబ్బు ఇస్త్రీ మడతలా తిన్నగా ఉంటుందా? ఇదిగో, కిందకు చూడు. నీళ్ళు అయిపోయినచోట అంచు కుట్టు కనబడట్లేదూ? ఇది కోట కాదే తల్లీ, కర్టెను! కాకినాడలో నా పెళ్ళిచూపుల ఫొటో తీసినప్పుడు స్టూడియోవాడు నా వెనక కాశ్మీరు బొమ్మ కర్టెను కట్టాడు, ఇలాంటి బొంగు స్తంభమే నా చేతికిందా పెట్టాడు. మీ అన్నయ్యగారు పెళ్ళయ్యేదాకా మేం కాశ్మీరు వెళ్ళొచ్చామనే అనుకున్నారు."

మా ఆయన పగలబడి నవ్వారు. మా అమ్మాయి కూడా. ఇన్ని సాయంత్రాలు కళ్ళు పొడుచుకున్నది నేను, నవ్వినది వీళ్ళు. నేను ఒప్పుకోలేదు. కొమ్మలను ఒక్కొక్కదాన్నే పెద్దది చేసి పక్కపక్కన పెట్టాను, వదిన తప్పని రుజువు చెయ్యడానికే. అన్నీ ఒకే అచ్చు. ఏ రెండింటిలోనూ పిసరు తేడా లేదు, ఒక్క పగులు లేదు, ఒక్క రాయి ఊడలేదు. అట్టముక్క కోసి, దానిమీద రంగు అద్దుకుంటూ పోయిన పని. బురుజు నీడ కుడికి పడితే ఆయన నీడ ఎడమకు పడింది. ఏ ఊళ్ళో ఏ స్టూడియో పెయింటరో, నాలుగైదు ఇటలీ బొమ్మలు ముందు పెట్టుకుని, దీనిలోంచి నీళ్ళూ దానిలోంచి గుట్టా కలిపేశాడు. లేని కోటకు నేను పేరు వెతుకుతున్నాను. నవ్వులు ఆగిపోయాక ఆ సంగతి అందరికీ ఒకేసారి తట్టినట్టుంది. "మరిప్పుడు ఆయనకు ఎవరు చెబుతారు?" అని మా ఆయన నెమ్మదిగా అడిగారు. వదిన లాప్‌టాప్ మూత తనే మూసేసింది.

మర్నాడు ముదీర్‌కు చెప్పాను. ఆయన తలుపు దగ్గరకు వేసి, గొంతు తగ్గించి, ఆ మాట అర్బాబ్ చెవిన పడితే వాళ్ళ నాన్న అబద్ధాలకోరు అన్నట్టవుతుందనీ, సిర్మియోనే అని రాసి ఖలాస్ చెయ్యమనీ అన్నాడు. గురువారం ఉమ్ అల్ క్వైన్‌లో మీటింగు, నువ్వూ రావాలి, కాని అక్కడ నీ నోట కర్టెను అన్న మాట వచ్చిందంటే ఆదివారం ఇక్కడికి రానక్కరలేదు అన్నాడు. నేను సరే అన్నాను. కాకపోతే ఒక్క షరతు పెట్టాను. సిర్మియోనే అని రాస్తాను, నా అక్షరాలు వేస్తాను, రెండో గడిలో ఇంజనీరు తన అక్షరాలు వెయ్యాలి. ఇంజనీరు కాగితం తీసుకుని చాలాసేపు చూసి, పెన్ను మూత పెట్టేశాడు.

గురువారం నా అక్షరాలొక్కటే ఉన్న ఆ కాగితంతో ముదీర్ కారులో ముగ్గురం బయల్దేరాం. మాస్కులో నా ఊపిరి నాకే వేడిగా తగులుతోంది. షార్జా దాటాక రోడ్డుకు రెండువైపులా ఇసుక. మా అమ్మాయి పరీక్షలు, మా ఆయన మందుల డబ్బా, ఫ్లాటు కాగితాలు, అన్నీ ఆ ఇసుకమీద కనబడుతున్నాయి. ఇద్దరిలో ఒకరే మిగులుతారని ఇంజనీరుకూ తెలుసు. అతని మోకాలు అదేపనిగా ఊగుతోంది.

మజ్లిస్‌లో అర్బాబ్ మమ్మల్ని దూరం దూరంగా కూర్చోబెట్టి గావా, అంటే వాళ్ళ కాఫీ, ఇప్పించాడు. మనిషి మెత్తగా ఉన్నాడు, అందుకే నాకు మరింత భయం వేసింది. ఫ్రేమును తన పక్కనే సోఫామీద మనిషిని కూర్చోబెట్టినట్టు పెట్టుకున్నాడు. పాత బొంబాయి హిందీలో నావైపు తిరిగి, "బెహన్, మిలా? కౌన్‌సా జగా హై?" అన్నాడు, దొరికిందా, అది ఏ చోటు అని. నేను నోరు తెరిచేలోపల ఇంజనీరు, "సిర్మియోనే, సర్" అన్నాడు. అర్బాబ్ ఆ పేరును రెండుమూడుసార్లు పలికి చూసుకున్నాడు. అమ్మకు కాళ్ళు నడవవు, డాక్టర్లు వద్దంటున్నారు, అయినా చక్రాల కుర్చీలోనైనా తీసుకువెళ్తాను, ఆయన నిలబడ్డ రాయిమీద చెయ్యి పెట్టిస్తాను అన్నాడు. ముదీర్ తల ఊపుతూ నావంక ఒక్క చూపు చూశాడు.

మీరు నన్ను మంచిదాన్నని అనుకోవద్దు. ఆ ముసలావిడ మీద జాలికంటే ముందు నాకు తట్టింది, ఆవిడ అక్కడికి వెళ్ళి ఇక్కడ గుట్ట ఏదీ అని అడిగిన రోజున కాగితంమీద ఒకే ఒక్కరి అక్షరాలు ఉంటాయన్న సంగతి. నన్ను అడిగిన ప్రశ్నకు ఇంకొకడు జవాబు చెప్పాడన్న మంట రెండోది. అర్బాబ్ వైపు తిరిగి, "నహీ భాయ్‌సాబ్, యే జగా కహీ నహీ హై" అన్నాను, ఈ చోటు ఎక్కడా లేదని.

ముదీర్ లేచి, ఈవిడ డ్రాయింగులు గీసే మనిషే, ఈవిడకు ఇవన్నీ ఏం తెలుసు, మీరు పట్టించుకోకండి అని అరబ్బీలో అంటున్నాడు. ఆ మాత్రం అరబ్బీ నాకు తెలుసునని ఆయనకు తెలియదు. నేను లేచి ఫ్రేము దగ్గరకు వెళ్ళి, ముట్టుకోకుండా వేలితో చూపించాను: ఇదిగో మడత, ఇదిగో కుట్టు, ఇదిగో నీడలు, ఈ కొమ్మలన్నీ ఒకటే అచ్చు. అర్బాబ్ మొహం ఫొటోకు దగ్గరగా పెట్టి చూశాడు. "మా నాన్న అబద్ధం చెప్పాడంటావా?" అన్నాడు. ఆయన ఫ్రేము ఎత్తి గుండెకు ఆనించుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ముదీర్ నావంక చూడకుండా, "ఖలాస్, నీ పని ఖలాస్" అన్నాడు. లోపలినుంచి ఆడగొంతు ఏదో వినిపించింది, ఏడుపో కేకో తెలియలేదు. ఈ దేశంలో అన్నేళ్ళున్నా, ఒక పెద్దింట్లో వాళ్ళ నాన్నగురించి అలాంటి మాట అని కూర్చోవడం అంతకుముందు ఎరగను. పోలీసులు గుర్తొచ్చారు, విమానాశ్రయం గుర్తొచ్చింది.

తలుపు తెరిచి అర్బాబ్ వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మూతి మాత్రం నవ్వు ఆపుకుంటున్నట్టుంది. అమ్మ నవ్వుతోంది అన్నాడు. అది బొంబాయిట. ఖర్జూరం అమ్మడానికి పడవలో వెళ్ళినప్పుడు ఓడరేవు దగ్గర స్టూడియోలో తీయించుకున్నది, ఆ కోటు కూడా స్టూడియోవాడిదేనట, చేతులు పొట్టిగా ఉన్నాయని ఆయన ఇంటికొచ్చి చెప్పాడట. ఇటలీ అని నాన్న ఎన్నడూ అనలేదు. విదేశంలో చదువుకొచ్చిన మేనల్లుడొకడు, ఈ చీలిన కొమ్మలు చూసి, ఇలాంటివి ఇటలీ కోటలకే ఉంటాయి అన్నాడు. అప్పటినుంచి ఇంట్లో మగవాళ్ళందరూ అదే చెప్పుకున్నారు. అమ్మను ఎవరూ అడగలేదు. "గోడ కట్టండి" అన్నాడు చివరికి. "బొమ్మలో ఎలా ఉంటే అలా. మడత మాత్రం వద్దు."

తిరుగుదారిలో ముదీర్ ఫోనులో ఎవరితోనో నవ్వుతూ, ఫొటో సంగతి మేమే కనిపెట్టాం అని చెబుతున్నాడు. మేమే అట.

ఆ తర్వాతి గురువారం భోజనాలయ్యాక లోపలి ఫోను మోగింది. మా రెండు బల్లలూ ఆనుకునే ఉండటంతో మొదట నాదే అనుకున్నాను. లేవబోయాను కూడా. మోగింది పక్కది. ఇంజనీరు వెళ్ళి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పని ఉంది, కాని పని చెయ్యడానికి ఒక్కరు చాలునని చెప్పారట. నేను ఎదురుచూసిన రోజే అది, నిజం చెప్పాలంటే. అతనికి బుద్ధి వచ్చేరోజు ఎలా ఉంటుందో బస్సులో ఎన్నోసార్లు ఊహించుకున్నాను. తీరా వచ్చాక నాకు తట్టింది ఒకటే: ఆ ఫోను రెండడుగులు ఇటు జరిగి మోగితే ఆ కుర్చీలో నేనే.

అతను డబ్బాలో పుస్తకాలు సర్దుతూ, తల ఎత్తకుండా, మొట్టమొదటిసారి తెలుగులో మాట్లాడాడు. "అక్కా, ఇంట్ల ఏమని చెప్పాలె? బుడ్డది ఇంక మెడ గూడ నిలుపుతలేదు. మా ఆమె పచ్చి బాలింత. నాకు మాట వస్తలేదు."

నా దగ్గర మాటలున్నాయి. ఎన్ని వారాలుగానో కూర్చుకున్నవి. "అన్నం తినేదాకా చెప్పకు" అన్నాను. "తిన్నాక, పక్కన కూర్చుని చెప్పు. ఉద్యోగం పోయింది అనకు. ఈ ఆఫీసులో పని అయిపోయింది, ఇంకోచోట చూస్తున్నాను అను. ఆ వెంటనే ఊరికి ఫోన్ చెయ్యనివ్వకు, అటువాళ్ళు ఏడిస్తే ఈ అమ్మాయి బెదిరిపోతుంది. రేపు చేద్దాం అను." అతను ఒక్కొక్క మాటకూ తల ఊపాడు, పాఠం అప్పజెప్పించుకుంటున్నట్టు. డబ్బా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాత అతని కబురు తెలియలేదు. ఆ ఖాళీ గడి సంగతి నేను ఈనాటికీ మరిచిపోలేదు, మరవను కూడా. కాని ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, నా ఉద్యోగం నిలబడిందని చెబితే వదిన పాయసం చేస్తానంటే, వద్దన్నాను.

ఇవన్నీ జరిగి ఎంతో కాలం కాలేదు, అయినా ఇంకో జన్మలా ఉంది. మా ఆయనకు మళ్ళీ ఉద్యోగం దొరికింది, నేను ఉద్యోగం మానేసి ఇల్లు పట్టాను, ఇప్పుడు నేనే ఆయన వీసామీద ఉన్నాను. మా అమ్మాయి పనిలో చేరి ఏడాది తిరక్కుండానే ఇంకోటి వెతుక్కుంటోంది. పోతే పోనీ అమ్మా, ఇంకోటి రాకపోదు అంటుంది. మా కాలంలో ఎవరైనా ఆ మాట గట్టిగా అంటే పక్కవాళ్ళు నోరు నొక్కేవాళ్ళు. అది ధైర్యమో, భయం రుచి ఇంకా తెలియకపోవడమో నేను చెప్పలేను. వదిన కాకినాడ వెళ్ళిపోయింది. ఫోనులో కనబడి ఆరోగ్యాలు అడుగుతుందేగాని, పోట్లాడటానికి ఫోను చాలదు. రోలా వదిలి పెద్ద ఫ్లాటుకు మారాం, మనిషికో గది. నాకు ఆ భయం మళ్ళీ వద్దు, పగవాళ్ళకు కూడా వద్దు. అయితే ఆ రోజుల్లో మెట్లమీద అడుగుల చప్పుడునుబట్టి ఎవరు వస్తున్నారో, రోజు ఎలా గడిచిందో, తలుపు తీయకముందే ఇంట్లో అందరికీ తెలిసేది. ఇప్పుడు ఎవరు ఎప్పుడు వచ్చి ఏ గదిలో ఉన్నారో తెలియక, అన్నానికి ఒక్కొక్క తలుపూ తట్టి పిలుస్తున్నాను.